మేడమీద కూరగాయలకు నల్లరేగడి మట్టి తగునా?

బ్రాడీపేట మేడతోట, గుంటూరు:
మేడమీద తోట కొత్తగా మొదలుపెట్టేవారు పొలం మట్టి జోలికి పోకూడదన్నది నా వాదన. పత్తి, మిరప విరగకాసే మట్టిలో నాలుగు వంగ మొక్కలు పెరగవా అన్న ధీమాతో, మా బావగారి పొలం నుంచి తెచ్చిన నల్లరేగడిని ఏమీ కలపకుండా పదహారు సంచుల్లో నింపి పోయిన మార్చిలో నాటాను. ఒక్కరోజు నీళ్లు మానితే మట్టి కుంచించుకుని సంచి అంచులను విడిచేది. మర్నాడు పోసిన నీళ్లు ఆ సందుల్లోంచి జారి అడుగున కారుతుంటే, తడిసిందనే అనుకున్నాను. వేళ్ల దగ్గర మాత్రం రాయిలా ఉండేది. అలా కొన్ని మొక్కలు ఎండిపోగా, జూలై ముసురుకు నీరు దిగక, మిగిలినవి వేరుకుళ్లుతో పోయాయి. కొబ్బరిపొట్టు (పీచు తీయగా మిగిలే పొడి), వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) చాలునని ఇప్పుడు అనిపిస్తోంది.

పటమట గృహిణి, విజయవాడ:
రెండేళ్లుగా కొబ్బరిపొట్టుతోనే పెంచుతున్నాను గనుక దాని లోపాలూ చెప్పాలి. మొదటిసారి దిమ్మెను నానబెట్టి, కడగకుండా వాడితే ఆకుల అంచులు మాడాయి. పొట్టులోని ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు మంచినీటితో కడగాలని తరువాత తెలిసింది. మా బోరు నీళ్లే ఉప్పన కావడంతో అదీ సగమే ఫలించింది. పైగా దానిలో సారం లేదు. తరచుగా ఎరువు వేయకపోతే ఆకులు పాలిపోతాయి. అయినా మాది అద్దె ఇల్లు, మేడపై మట్టి బరువు వేయలేక పొట్టునే వాడుతున్నాను. అడుగు పొడవు, వెడల్పు, లోతు ఉన్న కుండీలో తడిమట్టి 45 కిలోలకు పైగా తూగుతుంది. అలాంటివి ఇరవై పెడితే దాదాపు టన్ను.

నల్లపాడు రైతు, గుంటూరు:
బరువు మాట ఒప్పుకుంటాను. నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అందుకే ఉత్త మట్టి కాకుండా, ఒక పాలు మట్టికి ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి (నూనె తీసిన వేపగింజల పిండి) కలపమంటాను. కానీ బ్రాడీపేట వారు టమాటా కూడా వేశారా? పగలు 40 డిగ్రీలు దాటే మే నెలలో పుప్పొడి చెడి, ఏ మట్టిలోనైనా దాని పూత రాలిపోతుంది. ఆ రోజుల్లో గోంగూర, బచ్చలి, బెండ వేయవలసింది.

బ్రాడీపేట మేడతోట:
ఆరు సంచుల్లో టమాటాయే అండీ. వాటి పూత రాలిన నింద మట్టిపై వేయడం తప్పే. అయితే వేలు రెండంగుళాలు గుచ్చి తడి చూడాలని నేర్చుకునేసరికే పది మొక్కలు పోయాయి గనుక, కొత్తవారికి నల్లమట్టి వద్దనే ఇంకా అంటాను. ఈసారి సగం సంచుల్లో మీ పాళ్లు, సగంలో పొట్టు నింపి, అన్నిటిలోనూ బెండే వేసి చూస్తాను. ఎరువు చివికిందో లేదో కొనేవాడికి ఎలా తెలుస్తుంది?

నల్లపాడు రైతు:
బస్తాలో చేయి పెడితే వేడి తగలకూడదు, పచ్చిపేడ వాసన రాకూడదు, పిడికిట్లో నలిపితే పొడిగా రాలాలి. వేడిగా ఉంటే నెల రోజులు నీడలో ఆరనివ్వండి.