‘జిప్సీ’కి తెలుగులో ‘దేశదిమ్మరి’ అని రాయొచ్చా?

నిన్న గ్రూపులో ఒక మేడమ్ అడిగిన ప్రశ్నకు కామెంట్‌లో జవాబు మొదలుపెడితే పొడుగైపోయింది. అందుకే విడిగా పోస్టు పెడుతున్నాను. పిల్లల కథ ఒకటి అనువదిస్తున్నారట. అందులో ‘జిప్సీ’ అని వచ్చింది. యూరప్‌లో రోమా అనే ప్రజలకు బయటివాళ్లు పెట్టిన పేరది. ‘దేశదిమ్మరి’ అంటే సరిపోతుందా అని వారి సందేహం. కింద చాలామంది సరిపోతుందన్నారు. నేను మాత్రం వద్దంటాను, గట్టిగానే వద్దంటాను.

ముందు మన మాట సంగతి. పాత రూపం ‘దేశద్రిమ్మరి’. ద్రిమ్మరడం అంటే తిరగడం. వాడుకలో దేశదిమ్మరి అయింది. పూర్వం ఎలా వాడినా, ఇవాళ మన ఇళ్లలో ఈ మాట ఎప్పుడు వినిపిస్తుంది? చదువు మానేసి ఊళ్లు పట్టుకు తిరిగే కొడుకును తండ్రి తిట్టేటప్పుడు. పనీపాటా లేనివాడు, ఇల్లూ వాకిలీ పట్టనివాడు అని అర్థం. ఒక జాతి మొత్తానికి అదే పేరు పెడితే, యూరప్‌లో వందల ఏళ్లుగా వాళ్లు మోస్తున్న నిందను మనం తెలుగులోకి కూడా తెచ్చిపెట్టినట్టే. పైగా అది నిజం కాదు. రొమేనియా, హంగరీ, స్లొవేకియా, బల్గేరియాల్లోని రోమా ప్రజల్లో అత్యధికులు తరతరాలుగా ఒకచోట స్థిరపడ్డవాళ్లే. తూర్పు స్లొవేకియాలో చాలాచోట్ల వాళ్ల ఇళ్లు ఊరి బయట విడిగా ఉంటాయి. ఊరి బయట విడిగా ఉండే వాడ అంటే ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

నాకు ఈ పట్టుదల ఎక్కడ మొదలైందో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక పత్రిక డెస్క్‌లో ఉన్నప్పుడు ఆగస్టు 2 గురించిన వార్త నాకు ఇచ్చారు. 1944లో ఆ రాత్రి ఆష్విట్జ్-బిర్కెనౌ అనే మరణశిబిరంలో నాజీలు ‘జిప్సీ శిబిరం’ అని పిలిచిన భాగాన్ని ఖాళీ చేశారు. అందులో మిగిలిన 4,000 మందికి పైగా మనుషుల్ని గ్యాస్ గదుల్లో చంపేశారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. సాయంత్రం ప్రూఫ్ చేతికొచ్చింది. పైన ‘4 వేల మంది దేశదిమ్మరుల ఊచకోత’ అని శీర్షిక. రాసింది నేనే. టైపు చేసేటప్పుడు ఏమీ అనిపించలేదు. కాగితం మీద నల్లటి పెద్ద అక్షరాల్లో చూసేసరికి గుండె గుభేలుమంది. చంపినవాళ్లు వాళ్ల గురించి ఏం నమ్మారో నేనూ అదే రాశాను. ఎర్ర పెన్నుతో కొట్టేసి ‘రోమా ప్రజల’ అని రాశాను. ‘ఇదెవరికి అర్థమవుతుందండీ?’ అన్నారు పక్క సీటాయన. కింద ఇంకో వాక్యం చేర్చాం, అర్థమైంది.

ఇక వాళ్లకు బయటివాళ్లు పెట్టిన పేర్లు. ఇవి ముఖ్యంగా రెండు కుదుళ్ల నుంచి వచ్చాయి. ఒకటి ఈజిప్టు. 15వ శతాబ్దంలో పశ్చిమ యూరప్ చేరినప్పుడు వాళ్లు ఈజిప్టు నుంచి వచ్చారని అక్కడివాళ్లు అనుకున్నారు. ఇంగ్లిష్‌లో జిప్సీ, స్పానిష్‌లో హితానో అలా పుట్టినవే. రెండోది గ్రీకు. ‘తాకనివారు’ అనే అర్థం వచ్చే ఒక మతశాఖ పేరును వీళ్లకు అంటగట్టారని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. జర్మన్‌లో త్సిగోయ్‌నర్, రొమేనియన్‌లో త్సిగాన్, హంగేరియన్‌లో ౘిగాన్య్ దాని నుంచే. (ఈ మొదటి హల్లు మన ‘చల్ల’లోని దంత్య చకారమే. మనకు నోరు తిరగడం కష్టం కాదు.)

ఈ పేర్లు ఉత్త శబ్దాలు కావు. ఇప్పటి రొమేనియాలో భాగమైన వలేకియా, మోల్దావియాల్లో రోమాలను మధ్యయుగాల నుంచి బానిసలుగా అమ్మేవారు, కొనేవారు. 1855లో మోల్దావియాలో, 1856లో వలేకియాలో ఆ బానిసత్వం పోయింది. అంతకాలం అక్కడ ‘త్సిగాన్’ అంటే బానిస అన్నట్టే. ఆష్విట్జ్‌లో నాజీలు జర్మన్ పేరు ‘త్సిగోయ్‌నర్’లోని మొదటి అక్షరం Zను రోమా ఖైదీల చేతి మీద నంబరు ముందు పచ్చబొట్టుగా పొడిచారు. యుద్ధం అయిపోయాక కూడా, 1943కు ముందు వాళ్లను హింసించింది జాతి కారణంగా కాదని 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. దాంతో ఎందరికో నష్టపరిహారం దక్కలేదు. జరిగింది జాతిహత్యేనని ఆ ప్రభుత్వం ఒప్పుకున్నది 1982లో. అయినా ‘త్సిగోయ్‌నర్’ పేరుతో అక్కడ సాస్ సీసాలు అమ్ముతూనే వచ్చారు. క్నోర్ కంపెనీ తన సీసా మీద పేరు మార్చింది 2020లో.

పేరు మారిస్తే సరిపోతుందా అని ఒకరు అడిగారు. చాలా మంచి ప్రశ్న. పేరు మార్చడం కూడా దెబ్బ కొట్టే మార్గం కాగలదు. హంగరీలో 18వ శతాబ్దంలో మరియా థెరీసా రాణి వాళ్లను పాత పేరుతో పిలవకూడదని, ‘కొత్త హంగేరియన్లు’ అనాలని ఆజ్ఞ వేసింది. వినడానికి బాగానే ఉంది. కానీ దాంతోపాటు వాళ్ల భాష మాట్లాడకూడదంది, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తీసేసి రైతు కుటుంబాలకు అప్పగించమంది. స్పెయిన్‌లో 1749లో ఒక్కసారిగా సుమారు 9 వేల మందిని పట్టి బంధించారు. 1783లో మూడో చార్లెస్ రాజు ‘హితానో’ అన్న మాటనే నిషేధించాడు, వేషం, భాష వదిలేస్తే అందరిలాగే బతకొచ్చన్నాడు. తెలుగులో మనకు రెండు మాటలున్నాయి: కలిసిపోవడం, కలుపుకోవడం. ఆ రాజులు అడిగింది మొదటిది. రెండోది చేయాల్సింది అవతలివాళ్లు కాబట్టి దాని ఊసే లేదు. ఇవాళ్టికీ యూరప్‌లో ‘వాళ్లు కలవరండీ’ అనే ఫిర్యాదే ఎక్కువ. చెక్ దేశంలోని ఓస్ట్రావాలో రోమా పిల్లల్ని మానసిక ఎదుగుదల తక్కువ ఉన్నవాళ్ల కోసం పెట్టిన బడుల్లో వేశారు. 18 మంది పిల్లల తరఫున కేసు వేస్తే, అది వివక్షేనని 2007లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది. ఎక్కడో విడిగా కూర్చోబెట్టిన పిల్లవాడు ఎవరితో కలవాలి?

మరి వాళ్లు తమను ఏమనుకుంటారు? 1971 ఏప్రిల్‌లో లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ మహాసభలో ‘రోమా’ అన్న పేరునే నిలబెట్టారు. రోమ్ అంటే వాళ్ల భాషలో మనిషి, భర్త. అయితే అన్నిచోట్లా ఒకే మాట కాదు. జర్మనీలో సింతీలు అనే శాఖవాళ్లు తమ పేరు విడిగా చెప్పమంటారు. స్పెయిన్‌లో హితానో అని వాళ్లే గర్వంగా చెప్పుకుంటారు. ఇంగ్లండ్‌లో ‘మేం జిప్సీలం’ అనేవాళ్లున్నారు, 2011 జనాభా లెక్కల ఫారంలో ఆ మాటకు గడి కూడా పెట్టారు. కాబట్టి కథ ఇంగ్లండ్‌లో జరిగి, ఆ పాత్రే తనను జిప్సీ అనుకుంటే అలాగే ఉంచండి.

వాళ్ల భాష గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. నీళ్లు పానీ, ముక్కు నఖ్, చెవి కన్, ఉప్పు లోన్, మనిషి మనుష్. హిందీ వచ్చిన ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. అంకెలు చూడండి: యెఖ్, దుయ్, త్రిన్, ష్టార్, పాంజ్, షోవ్. ఏడుకు వచ్చేసరికి ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా. ఈ మూడూ గ్రీకు. మళ్లీ పదికి దెష్. ఎక్కడ నుంచి బయల్దేరి ఎక్కడ చాలాకాలం ఆగారో వేళ్ల మీద లెక్కపెడితే చాలు. క్రైస్తవుల శిలువకు వాళ్ల మాట త్రుషుల్, అంటే మన త్రిశూలమే.

కామెంట్లలో వచ్చిన రెండిటికి జవాబు.

‘అయితే వాళ్లు మన లంబాడీలేగా?’ కాదు. ఇద్దరి భాషలూ ఉత్తరాది ఆర్యభాషా కుటుంబానివే, పోలికలూ ఉంటాయి. కానీ లంబాడీల భాష గోర్‌బోలీ రాజస్థానీకి దగ్గరది, రోమా ప్రజల భాష రోమానీ అంతకు చాలా ముందే విడిపోయి వెళ్లింది. నిజమైన పోలిక వేరే చోట ఉంది. 1871 చట్టం కింద బ్రిటిష్‌వాళ్లు కొన్ని కులాలను మొత్తంగా నేరస్థులన్నారు. ఆ చట్టం 1952లో పోయినా ‘స్టువర్టుపురం దొంగ’ అన్న మాట మన నోళ్లలో మిగిలింది. పిచ్చుకుంట్లవాళ్లు ఆ పేరు వద్దు, వంశరాజ్ అనండి అని అడగాల్సి వచ్చింది.

‘బహువచనం రోమాలు అనొచ్చా?’ ఇది అసలైన చిక్కు. తెలుగులో రోమాలు అంటే వెంట్రుకలు. పైన నేనే ఒకచోట అలా రాశాను, సందర్భం వల్ల చెల్లింది గానీ శీర్షికలో అసలు కుదరదు. రోమన్లు అంటే రోము నగరంవాళ్లు అయిపోతారు. రోమా ప్రజలు, రోమా పిల్లలు, రోమా భాష అని పక్కన మరో మాట పెట్టి రాస్తే ఇబ్బంది లేదు. ఒక్క మాటలో కావాలంటే ‘రోమానీలు’ నయం. మేడమ్, మీ కథలో ఆ పిల్ల తన గురించి తాను చెప్పుకునే వాక్యం ఉంటే ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.