"ఆత్మయందు తీవ్రతగలవారై": ఈ తీవ్రత ఏ తీవ్రత?

అడిగినవారు:
మా సంఘంలో యూత్ మీటింగులకు ఫ్లెక్సీ వేయించాలి. వాక్యం బైబిల్లో రోమా పత్రిక 12:11. "ఆసక్తి విషయములో మాంద్యులు కాక, ఆత్మయందు తీవ్రతగలవారై ప్రభువును సేవించుడి." సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యమే కాబట్టి నాకే అనుమానమూ రాలేదు. ఇంటర్ చదివే కుర్రాడు ఒకడు అడిగాడు, "అంకుల్, మాంద్యులంటే మందు తాగేవాళ్ళా?" అని. పక్కనున్న అమ్మాయి "తీవ్రత భూకంపానికి కదా చెప్తారు" అంది. ఇంకొకడు తీవ్రవాదుల దాకా వెళ్ళిపోయాడు. అప్పటికి నవ్వేశాను. ఇంటికొచ్చి చూసుకుంటే, ఆ వాక్యానికి ప్రాణమైన మూడు మాటలూ మనం ఇప్పుడు వేరే దేనికో వాడుతున్నాం. ఆసక్తి కూడా అంతే. "క్రికెట్ మీద ఆసక్తి ఉంది" అంటాం. ప్రభువును సేవించడానికి ఆపాటి ఇంట్రెస్ట్ చాలా? తెలిసినవారు చెప్పండి, ఫ్లెక్సీ శుక్రవారానికి కావాలి.

సంస్కృతం మాస్టారు:
మాంద్యులతో మొదలెడతాను, తమాషా అంతా అక్కడే ఉంది. "మంద" నుంచి మాంద్యం వచ్చింది. అది గుణం పేరు, మనిషి పేరు కాదు. ఆ గుణం ఉన్నవాడు మందుడు, బహువచనం మందులు. ఇప్పుడు ఆ వాక్యం చదవండి: "ఆసక్తి విషయములో మందులు కాక." మెడికల్ షాపు బోర్డులా లేదూ? వ్యాకరణం మూతి ముడిచినా మాంద్యులు అనడమే నయం.
మాంద్యం ఇప్పుడు ముఖ్యంగా రెండు చోట్ల బతికి ఉంది. ఒకటి ఆర్థిక మాంద్యం. రెండోది ఆయుర్వేదం చెప్పే అగ్నిమాంద్యం. జఠరాగ్ని మందగించి ఆకలి పుట్టదు. విస్తట్లో అన్నీ ఉంటాయి, తినబుద్ధి కాదు. ఈ వాక్యంలో మాంద్యం నాకు ఆ రెండోదానిలాగే వినిపిస్తుంది.
ఇక ఆసక్తి. ధాతువు ప్రకారం అంటుకుని ఉండటం. గీత మూడో అధ్యాయంలో "తస్మాదసక్తః సతతం" అని, అంటుకోకుండా పని చెయ్యమంటాడు. అక్కడ వద్దన్న గుణమే ఇక్కడ కావాలంటున్నారు. దీని మీద పోట్లాట పెట్టకండి, అక్కడ వద్దన్నది ఫలంతో అంటు, ఇక్కడ అడిగేది ప్రభువుతో అంటు. నాకు నచ్చేదేమిటంటే, మన తెలుగులో "అంటుకోవడం" జిగురుకీ చెల్లుతుంది, నిప్పుకీ చెల్లుతుంది.

గ్రీకు చదివిన పాస్టరు:
అందరికీ వందనాలు. నిప్పు అన్నారు కాబట్టి చెబుతున్నాను. "తీవ్రతగలవారై" అన్నచోట మూలంలో ఉన్న మాట "జెయోంతెస్". జెయో అంటే నీళ్ళు మరగడం. ఆ పత్రిక రాసిన పౌలు అన్నది "ఆత్మలో మరుగుతూ" అని. అపొస్తలుల కార్యములు 18:25లో అపొల్లో అనే బోధకుడి గురించి కూడా ఇదే మాట, అక్కడ తెలుగులో "ఆత్మయందు తీవ్రపడి" అని ఉంటుంది. ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘాన్ని "నీవు చల్లగానైనను వెచ్చగానైనను లేవు" అని మందలించినప్పుడు వాడిన "వెచ్చగా" కూడా ఈ జెయో నుంచి పుట్టినదే. లవొదికయకు ఒకవైపు హియెరాపొలిలో వేడినీటి ఊటలు, ఇంకోవైపు కొలొస్సయిలో చల్లని నీళ్ళు. లవొదికయకేమో గొట్టాల్లో వచ్చే నీళ్ళు. తవ్వకాల్లో దొరికిన ఆ గొట్టాల లోపల సున్నం గడ్డకట్టి ఉంది. అలాంటి ఊరివాళ్ళకు, ఆ వెంటనే వచ్చే "నులివెచ్చన" అన్న మాట ఎక్కడ తగిలి ఉంటుందో ఊహించుకోండి. ఆ నులివెచ్చన అన్న తెలుగు మాట మాత్రం అద్భుతం, అనువాదకుడి చేతికి ముద్దు పెట్టాలనిపిస్తుంది.
మాంద్యులు అన్నచోట ఉన్న గ్రీకు మాటే మత్తయి 25:26లో తలాంతును, అంటే యజమాని అప్పగించిన డబ్బును, పాతిపెట్టిన దాసుడికి పడింది, అక్కడ సోమరి అన్నారు. అతను దొంగా కాదు, తాగుబోతూ కాదు. మీ కుర్రాడికి ఇది చెప్పండి. ఆసక్తి అన్నచోట ఉన్నది "స్పూదే", శ్రద్ధతో కూడిన తొందర. లూకా 1:39లో మరియ కొండసీమకు "త్వరగా" వెళ్ళింది చూడండి, ఆ త్వర ఇదే. అంటే పౌలు అడిగేది ఇంట్రెస్ట్ కాదు, లేచి చెప్పులేసుకోవడం.

అడిగినవారు:
చాలా బాగుందండీ. అయితే "ఆత్మలో మరుగుతూ ప్రభువును సేవించుడి" అని వేయించేయనా?

ఖమ్మం ఆవిడ:
వద్దు వద్దు! తెలుగులో మరిగేది కోపమే. రక్తం మరిగిపోతోంది అంటాం, కుతకుతలాడిపోతున్నాడు అంటాం, ఆటలో ఓడితే ఏడ్చేవాణ్ణి ఉడుకుమోతు అంటాం. పైగా రుచి మరిగిన పిల్లి అని ఇంకొకటుంది, అది అలవాటు పడటం. "ఆత్మలో మరుగుతూ" అని గేటుకు కడితే లోపల ఏదో గొడవ జరుగుతోందనుకుంటారు.
మనకు మంచి పేరున్న మరుగు ఒక్కటే, ఎసరు. (దాన్నీ పాడుచేశాం, "నా ఉద్యోగానికి ఎసరు పెట్టాడు" అని.) మా అమ్మమ్మది డోర్నకల్ దగ్గర పల్లె. పొయ్యి మీద ఎసరు పెట్టి, చేటలో బియ్యం ఏరుకుని, కడగబోయే ముందు పిడికెడు తీసి గూట్లో ఉన్న దుత్తలో వేసేది. ఆదివారం ఆ దుత్త గుడికి వెళ్ళేది. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజుల్లో ఆ పిడికిలి చిన్నదయ్యేది, నేను చూశాను. మానేసిన రోజు మాత్రం చూడలేదు. ఎసరు మూత టపటపలాడుతుంటే "వస్తున్నానే" అని దానితో మాట్లాడుతూ ఆ పిడికెడు తీసేది. ఆవిడ గట్టిగా ప్రార్థన చేయడం కూడా ఎప్పుడూ వినలేదు. ఇప్పటి లెక్కలో ఆవిడ "ఫైర్ ఉన్న" విశ్వాసి కాదేమో మరి.

యూత్ నుంచి ఒకడు:
ఆంటీ, ఆ చివరి మాట మాకే అని అర్థమైంది 😀 మేం ఫైర్ అంటాం, "చల్లారిపోయాడు" అంటాం, నిజమే. కానీ డ్రమ్స్, గిటార్ లేకపోతే ఉత్సాహం రాదు కదా. అసలు ఫ్లెక్సీ మీద "ఉత్సాహం" అని వేస్తే పోదా?

సంస్కృతం మాస్టారు:
బాబూ, ఉత్సాహం చిన్న మాట కాదు. అలంకారశాస్త్రంలో వీరరసానికి స్థాయీభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, అదే. (ఛందస్సులో ఆ పేరుతో ఒక జాతి పద్యం కూడా ఉంది, ఏడు సూర్యగణాల మీద ఒక గురువు. నడక నిజంగానే గెంతుతున్నట్టుంటుంది.) కానీ మీ బైబిలు తెలుగులో దాని చోటు వేరనుకుంటా.

గ్రీకు చదివిన పాస్టరు:
వేరేనండి. "యెహోవాకు ఉత్సాహధ్వని చేయుడి" అని 100వ కీర్తన. డ్రమ్స్‌కు అక్కడ అనుమతి ఉంది తమ్ముడూ, భయపడకు. "దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును" అని 2 కొరింథీ 9:7. పాటకూ కానుకకూ ఉత్సాహం, లోపల కాలుతూ ఉండేదానికి ఆసక్తి. "నీ యింటినిగూర్చిన ఆసక్తి నన్ను భక్షించును" అన్నచోట చూడండి. ఇంట్రెస్ట్ ఎవర్నీ తినెయ్యదు. మీ ఫైర్ కూడా 2 తిమోతి 1:6లో ఉంది, "ప్రజ్వలింపచేయవలెనని". మూలంలో దానికి నిప్పును మళ్ళీ రాజేయడం అని అర్థం. అంటే నివురు కప్పిన దాన్ని ఊదడం. ఊదేటప్పుడు కళ్ళలో పొగ పడుతుంది, అది మాత్రం ఫ్లెక్సీ మీద ఎవరూ వేయరు.
డోర్నకల్ అన్నారు కాబట్టి ఒకటి. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య గారు తమిళులు, తెలుగు నేర్చుకుని వచ్చినవారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత, ఎవరి తల మీద వాళ్ళే చెయ్యి పెట్టించి "సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అనిపించేవారు. తెలుగువాళ్ళం నష్టమొస్తే నెత్తిన చేతులు పెట్టుకుంటాం, ఒట్టేస్తే తల మీద పెడతాం. చదువురాని కూలీలకు కూడా ఆ చెయ్యి అర్థమై ఉంటుంది.

ఖమ్మం ఆవిడ:
మా అమ్మమ్మకు ఆ వాక్యం నోటికి వచ్చు. ఎక్కడిదో ఇన్నాళ్ళూ అడగలేదు.

అడిగినవారు:
పెద్దలు అడిగారని పాత వాక్యమే ఉంచాం, అక్షరం మార్చలేదు. పిల్లలు కింద పొయ్యి మీద గిన్నె బొమ్మ వేయించారు, మూత సగం లేచి, ఆవిరితో. మాంద్యులంటే ఆకలి లేనివాళ్ళని మొదటి రోజు మొదటి పావుగంటలో నేనే చెబుతాను. షాపువాడు ప్రూఫ్ పంపితే అందులో "మాద్యులు కాక" అని ఉంది. ఆ కుర్రాడు చూడకముందే పరుగెత్తుకెళ్ళి సున్నా పెట్టించి వచ్చాను.