ఒకే కిటికీ ఉన్న ట్యూషన్ గదికి గాలి ఎలా తెప్పించాలి?

హనుమకొండలో మా ఇంటి ముందు గదిలో రోజూ సాయంత్రం 22 మంది పిల్లలకు లెక్కలు చెబుతాను. గది 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. వీధి వైపు ఒక కిటికీ, దాని పక్కనే తలుపు. వెనుక గోడకు ఏమీ లేదు. ఈ చలికాలంలో ఒకరికి జలుబు చేస్తే వారం తిరిగేసరికి సగం మందికి అంటుకుంటోంది.

మిత్రుడి దగ్గర కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరు తెచ్చి చూశాను. బయట 420 పీపీఎం (గాలి పది లక్షల పాళ్లలో 420 పాళ్లు) దగ్గర ఉన్నది, తలుపు, కిటికీ మూసిన అరగంటకే లోపల 2,500 దాటింది. అంటే ఒకరు వదిలిన గాలినే మరొకరు పీలుస్తున్నారు. సీలింగు ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలిని తేదు కదా! ఆ అంకె చూసినప్పటి నుంచి మనసు కుదుటగా లేదు. తల్లిదండ్రులు నన్ను నమ్మి పంపుతున్నారు.

కిటికీ తెరిస్తే చీకటి పడగానే దోమలు. జాలీ బిగిస్తే గాలి మరీ తగ్గుతుందా? వెనుక గోడలో పైన 12 అంగుళాల ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి, కిటికీ తెరిచి ఉంచితే ఇంతమందికి సరిపోతుందా? గోడ అవతల పక్కింటి వంటగది ఉంది, అక్కడ ఒక పెద్దావిడ ఉంటారు. మా గాలి ఆమె మీదికి పోకూడదు. మే నెల వడగాలుల్లో ఎలా? ఇలాంటి గదిని బాగుచేసుకున్నవారు దయచేసి చెప్పండి.