కళ్ల మధ్య దూరం 71 మి.మీ. క్వెస్ట్ 3ఎస్ తీసుకోవచ్చా?

నమస్కారం. ఇంట్లో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) గేమ్స్ ఆడాలని ఎప్పటి నుంచో ఆశ, బడ్జెట్ మాత్రం తక్కువ. వెతికి వెతికి తలకు పెట్టుకునే వీఆర్ హెడ్‌సెట్ మెటా క్వెస్ట్ 3ఎస్ దగ్గర ఆగాను. ప్రాసెసర్ దానికన్నా ఖరీదైన క్వెస్ట్ 3లో ఉన్నదే, లెన్సులు మాత్రం పాత ఫ్రెనెల్ రకం (వలయాలు వలయాలుగా గీతలుండేవి). అది సర్దుకుంటాను. కానీ లెన్సుల మధ్య దూరానికి 58, 63, 68 మిల్లీమీటర్లని మూడే సెట్టింగులు. నా కళ్ల మధ్య దూరం 71, పైగా కళ్లద్దాలు. అసలు టెన్షన్ ఇదే. నాలాంటివాళ్లు ఎవరైనా వాడారా? బొమ్మ మసకగా కనిపిస్తుందా, గంటసేపు ఆడితే తలనొప్పి వస్తుందా?

క్వెస్ట్ 3లో చక్రం తిప్పి 71 దాకా జరుపుకోవచ్చు. దాన్ని సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం మేలంటారా?

ఇంకొకటి, పీసీలో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉంది, పీసీ గేమ్స్ కూడా హెడ్‌సెట్‌లో ఆడాలని ఉంది. రౌటర్ పక్క గదిలో ఉంది కాబట్టి హెడ్‌సెట్‌ను పీసీకి కలపడానికి వైఫై కన్నా యూఎస్‌బీ కేబులే నయమా? వాడినవాళ్లు దయచేసి చెప్పండి.