అప్‌డేట్: పాత పుస్తకాల తొలగింపు కమిటీ చివరికి కదిలింది

మొన్న అడిగాను కదా, మా యూనివర్సిటీ లైబ్రరీలో పాత పుస్తకాలు తొలగించే స్టాఫ్ కమిటీలో నన్ను వేశారు, మూడు మీటింగులైనా ఒక్క నిర్ణయమూ తేలడం లేదు, ఏం చేయాలని. ముందు ప్రమాణాలు రాసుకోండి, తర్వాతే ర్యాకుల జోలికి వెళ్లండి అన్నవాళ్లందరికీ థాంక్స్, అదే పనిచేసింది.

చివరిసారి ఎప్పుడు ఇష్యూ అయింది, ఎన్ని కాపీలున్నాయి, కొత్త ఎడిషన్ వచ్చిందా, వేరే లైబ్రరీలో దొరుకుతుందా, ఇవన్నీ ఒక పేజీలో రాసి మినిట్స్‌లో ఎక్కించాం. అసలు చిక్కు ఇష్యూ లెక్క దగ్గరే వచ్చింది. కంప్యూటర్ ప్రకారం పదేళ్లుగా ఎవరూ తీసుకెళ్లని ఒక గణిత పట్టికల పుస్తకం తెరిస్తే అంచులు నలిగిపోయి, మధ్యలో ఎవరో ఈ సెమిస్టర్‌లోనే రాసుకున్న నోట్సు కాగితం! జనం అక్కడే కూర్చుని చూసుకుని బల్ల మీద వదిలేసి వెళ్తున్నారు, అది ఇష్యూ రికార్డులో పడదు. అందుకే ఇప్పుడు బల్లల మీద మిగిలినవాటిని సర్దేముందు స్కాన్ చేసి, వాడినట్టు లెక్కలో వేస్తున్నాం. ఈ సంగతి చెప్పింది సర్క్యులేషన్ కౌంటర్ (పుస్తకాలు ఇచ్చి, తిరిగి తీసుకునే చోటు) వాళ్లే, వాళ్లనీ కమిటీలోకి తీసుకున్నాం, నిజానికి మొదటి రోజే తీసుకోవాల్సింది.

తొలగించాలనుకున్న పుస్తకాల జాబితా అధ్యాపకులకు పంపి నెల గడువిచ్చాం. జవాబులు ఇంకా వస్తున్నాయి.