విడుదలకు బ్రాంచ్ ఉండగా ట్యాగ్ ఎందుకు?

ప్రశ్న:
మా బృందంలో సాఫ్ట్‌వేర్ ప్రతి విడుదలకూ ఒక బ్రాంచ్ (కోడ్ మార్పులు విడిగా సాగే శాఖ) తీసి, వెర్షన్ సంఖ్యనే దానికి పేరుగా పెడుతున్నాము. ట్యాగ్ కూడా పెట్టి తీరాలని ఒక సహోద్యోగి పట్టుబడుతున్నారు. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో రెండూ ఒక కమిట్‌ను (నమోదు చేసిన కోడ్ స్థితిని) చూపించే పేర్లే అయినప్పుడు, బ్రాంచ్‌తో తీరని అవసరం ట్యాగ్‌తో ఏమి తీరుతుందో దయచేసి వివరించగలరా?

జవాబు 1:
రెండూ పేర్లేనన్న మీ మాట నిజమే. డాట్ గిట్ ఫోల్డర్‌లోని రెఫ్స్‌లో, హెడ్స్ కింద మీ బ్రాంచ్ పేరుతో ఉన్న ఫైలును తెరిచి చూస్తే, మామూలుగా 40 అక్షరాల కమిట్ ఐడీ తప్ప మరేమీ కనిపించదు. ఆ బ్రాంచ్‌లో ఉండి కొత్త కమిట్ చేయగానే ఆ ఐడీ మారిపోతుంది. ట్యాగ్ మాత్రం పెట్టినచోటే ఉంటుంది. అందువల్ల మీ 2.1 బ్రాంచ్‌లోకి రేపు ఎవరైనా చిన్న సవరణ చేర్చారంటే, వాడుకరులకు నిజంగా అందిన 2.1 ఏదో తేల్చడానికి పాత లాగ్ (కమిట్‌ల జాబితా) అంతా తిరగేయవలసి వస్తుంది. గిట్ లాంటి మరో సాధనమైన సబ్‌వర్షన్‌లోనైతే రెండూ డైరెక్టరీ నకళ్లే కనుక, ట్యాగ్‌లో కమిట్ చేయకపోవడం కేవలం కట్టుబాటు.

జవాబు 2:
విడుదలలకు అనోటేటెడ్ ట్యాగే పెట్టండి. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో, ఏమని రాశారో అందులో నమోదవుతుంది. ఉత్త పేరు మాత్రమే అయిన లైట్‌వెయిట్ ట్యాగ్‌లో ఇవేవీ ఉండవు. మామూలు పుష్‌తో ట్యాగ్‌లు సర్వర్‌కు వెళ్లవు కాబట్టి, ట్యాగ్ పేరు చెప్పి విడిగా పుష్ చేయాలి. ఒకసారి పంపిన ట్యాగ్‌ను చెరిపి అదే పేరుతో మరో కమిట్‌కు పెట్టడం నా దృష్టిలో తగని పని. అప్పటికే తెచ్చుకున్నవారి దగ్గర పాతదే ఉండిపోయి, ఒకే పేరుకు రెండు అర్థాలు ఏర్పడతాయి.

అడిగినవారు:
చాలా స్పష్టంగా చెప్పారండి. అయితే విడుదలైన 2.1లో లోపం బయటపడితే ఎక్కడ సరిచేయాలి? ట్యాగ్‌ను చెకౌట్ చేస్తే (ఆ స్థితిలోని కోడ్‌ను తెరిస్తే) డిటాచ్డ్ హెడ్ అని సందేశం వస్తోంది.

జవాబు 1:
మీరిప్పుడు ఏ బ్రాంచ్‌లోనూ లేరని దాని భావం. కోడ్ చూడటానికి ఇబ్బంది లేదు కానీ, అక్కడ చేసిన కమిట్‌కు ఏ పేరూ అంటి ఉండదు. మరో బ్రాంచ్‌కు మారాక అది రెఫ్‌లాగ్‌లో (మీరు ఏ కమిట్‌ల మీద ఉన్నారో గిట్ రాసుకునే చిట్టాలో) మాత్రమే మిగులుతుంది, అక్కడా డిఫాల్ట్ గడువు 30 రోజులే. కాబట్టి ముందుగా 2.1 ట్యాగ్ నుంచి ఒక బ్రాంచ్ తీయండి. అందులో సవరణ చేసి, పరీక్షించి, 2.1.1 అని ట్యాగ్ పెట్టి, అదే సవరణను ప్రధాన బ్రాంచ్ అయిన మెయిన్‌లోకి కూడా చేర్చండి. ఆ తరువాత బ్రాంచ్‌ను తొలగించినా, ట్యాగ్ పట్టుకుని ఉంటుంది కనుక కమిట్‌లు ఎక్కడికీ పోవు.