డీప్ పర్పుల్ పాత ఆల్బములను ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

పనసవీణ (విజయనగరం) అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను మా ఊరి మహారాజా సంగీత కళాశాలలో వీణ నేర్చుకుని, చాలా ఏళ్లుగా ఇంటి దగ్గరే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. రాక్ సంగీతం గురించి నాకు ఏమీ తెలియదని ముందే ఒప్పుకుంటున్నాను. మొన్న సిరిమానోత్సవానికి వచ్చిన మా మేనల్లుడు వెంట గిటారు తెచ్చుకున్నాడు. ఉత్సవం చూసి వచ్చి అందరమూ అలసిపోయి కూర్చున్న వేళ, వాడు అరుగు మీద ఒక చిన్న స్వరమాలను మళ్లీ మళ్లీ వాయించసాగాడు. అది షడ్జం నుంచి సాధారణ గాంధారానికి, అక్కడి నుంచి శుద్ధ మధ్యమానికి వెళ్లి ఆగుతుంది. రెండోసారి అదే దారిలో బయలుదేరి, ప్రతి మధ్యమాన్ని ఒక్క క్షణం తాకి, వెంటనే శుద్ధ మధ్యమం మీదికి దిగుతుంది. రెండు మధ్యమాలు అలా ఒకదాని పక్కన ఒకటి పలికేసరికి మొదట చెవికి గుచ్చుకున్నట్టు అనిపించింది గానీ, ఆ తరువాత రెండు రోజుల పాటు వంట చేస్తున్నా అదే వినిపించింది.

అది డీప్ పర్పుల్ అనే ఇంగ్లండు బృందం వారి 'స్మోక్ ఆన్ ద వాటర్' అని చెప్పి, వాడు అసలు పాట కూడా వినిపించి వెళ్లాడు. నేను పద్ధతిగా విందామని 1968లో వచ్చిన వారి మొదటి ఆల్బము పెట్టుకుంటే, అందులో ఆ గొంతూ లేదు, ఆ బరువూ లేదు. మంచి పాటలన్నీ ఏరి కూర్చిన సంకలనం ఒకటి పెడితే, ఒక పాటకూ మరొక పాటకూ గాయకుడే మారిపోతున్నాడు. 2024 నాటికి స్టూడియో ఆల్బములే 23 ఉన్నాయట. కచేరీల రికార్డింగులు వేరే. పైగా ఒకే ఆల్బము రెండు మూడు రూపాల్లో కనిపిస్తోంది. పిల్లలు పాఠానికి వచ్చే ముందు, మధ్యాహ్నం పూట నాకు గంటసేపు మాత్రమే తీరిక దొరుకుతుంది. ఆ గంటను దేనితో మొదలుపెట్టమంటారు?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం) ఇచ్చిన సమాధానం

నమస్కారమండీ. మీరు చేసిన పొరపాటే నేనూ ముప్పై ఏళ్ల కిందట చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఈ బృందాన్ని సంవత్సరాల వరుసలో వినకూడదు. వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి వినాలి. 1968లో మొదలైనప్పుడు రాడ్ ఎవాన్స్ పాడేవాడు, నిక్ సింపర్ బాస్ వాయించేవాడు. 1969లో వారిద్దరి స్థానంలో ఇయాన్ గిలన్, రోజర్ గ్లోవర్ వచ్చారు. గిటారు మీద రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్ మీద జాన్ లార్డ్, డ్రమ్ముల మీద ఇయాన్ పెయిస్ మొదటి నుంచీ ఉన్నవారే. ఈ అయిదుగురి కూర్పును అభిమానులు 'మార్క్ టూ' అంటారు, మీ మేనల్లుడు వాయించిన పాట వీరిది. మీరు విన్న మొదటి ఆల్బము మార్క్ వన్ వారిది, అందుకే ఆ గొంతు దొరకలేదు. ఆరంభం నుంచి నేటి వరకు విడవకుండా ఉన్నవాడు పెయిస్ ఒక్కడే.

మీకున్న గంట తీరికలో నేను 'మేడ్ ఇన్ జపాన్' వినమంటాను. 1972 ఆగస్టులో ఒసాకాలో రెండు రాత్రులు, టోక్యోలో ఒక రాత్రి చేసిన కచేరీల నుంచి ఏరిన ఏడు పాటలు అందులో ఉన్నాయి. కచేరీ సంప్రదాయంలో పెరిగిన చెవికి అది వెంటనే అర్థమవుతుందన్నది నా అనుభవం. మా నాన్నగారు మృదంగం నేర్చుకున్నవారు. ఇంట్లో ఇంగ్లీషు పాట వినిపిస్తే విసుక్కునే ఆయన, అందులోని 'ద మ్యూల్' దగ్గర పెయిస్ ఒంటరిగా డ్రమ్ములు వాయించే భాగం వచ్చేసరికి, చదువుతున్న పేపరు ఒళ్లో పెట్టుకుని తొడ మీద లెక్క వేయడం మొదలుపెట్టారు. 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్' చివరి భాగంలో గిటారు ఒక మాట పలుకుతుంది, గిలన్ గొంతుతో దాన్నే తిరిగి పలుకుతాడు. ఇద్దరూ ఒకరినొకరు ఇరకాటంలో పెట్టుకుంటూ పైపైకి పోతారు. గాయకుడి వెంట వయొలిన్ నడవడం మనకు అలవాటు, ఇక్కడ వాద్యం వెంట గాయకుడు నడుస్తాడు.

రెండో పాట 'చైల్డ్ ఇన్ టైమ్' వినేటప్పుడు మాత్రం మధ్యలో లేవకండి. దాని ఆరంభంలో ఆర్గన్ మీద వచ్చే బాణీ వీరి సొంతం కాదు. ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అనే అమెరికా బృందం 1969లో వయొలిన్ ప్రధానంగా చేసిన 'బాంబే కాలింగ్' నుంచి తీసుకుని, దాని నడకను నెమ్మది చేశారు. ఆ నెమ్మదితనం నుంచి గిలన్ గొంతు తారస్థాయికి ఎక్కే తీరు చూస్తే, అరుపుకు కూడా శ్రుతి ఉండవచ్చని మొదటిసారి అనిపించింది నాకు.

కోటగుమ్మం (విజయనగరం) ఇచ్చిన సమాధానం

పై మిత్రుడి అభిప్రాయాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. కృతి తెలియని వాడికి దాన్ని విస్తరించే నెరవు ఏం రుచిస్తుంది? 'మేడ్ ఇన్ జపాన్'లోని ఏడు పాటల్లో నాలుగు, మీ 'స్మోక్ ఆన్ ద వాటర్'తో సహా, వారి స్టూడియో ఆల్బము 'మెషిన్ హెడ్' నుంచి వచ్చినవే. అసలు రూపం ముందు చెవిలో నిలిస్తేనే కచేరీలో వారు ఎక్కడ దారి వదిలారో, ఎక్కడ తిరిగి కలిశారో తెలుస్తుంది. అసలు 'స్పేస్ ట్రకిన్' అయిదు నిమిషాలు కూడా ఉండదు, జపాన్ కచేరీలో అది ఇరవై నిమిషాలకు చేరింది. తిన్నగా అక్కడికే వెళ్లే కొత్త శ్రోత సగంలో లేచిపోతాడు. 'మెషిన్ హెడ్' మొత్తం ఏడే పాటలు, నలభై నిమిషాల లోపు అయిపోతుంది. మీ గంటలో ఇంకా కాఫీకి సమయం మిగులుతుంది.

ఆ ఆల్బము పుట్టిన తీరు తెలిస్తే మీ పాట మాటలు కూడా అర్థమవుతాయి. 1971 డిసెంబరులో వారు స్విట్జర్లాండులోని మాంత్రో అనే సరస్సు ఒడ్డు పట్టణానికి, అక్కడి కాసినోలో రికార్డు చేద్దామని వెళ్లారు. 4వ తేదీన అదే కాసినోలో ఫ్రాంక్ జప్పా అనే అమెరికా సంగీతకారుడి కచేరీ జరుగుతుండగా, ప్రేక్షకుల్లో ఒకడు ఫ్లేర్ తుపాకీ, అంటే మంట సంకేతాలు వదిలే తుపాకీ, పేల్చడంతో భవనమంతా కాలిపోయింది. సరస్సు నీటి మీద పొగ పరచుకోవడం వారు చూశారు, 'స్మోక్ ఆన్ ద వాటర్' అంటే అక్షరాలా అదే. తరువాత పెవిలియన్ అనే నాటకశాలకు మారితే, చుట్టుపక్కల వారు గోల భరించలేక పోలీసులను పిలిచారు. మీ మేనల్లుడు వాయించిన ఆ రిఫ్, అంటే పాటంతా తిరిగి తిరిగి వచ్చే ఆ స్వరమాల, పోలీసులు ఆపించేలోగా అక్కడే రికార్డయింది. మిగతా ఆల్బమంతా చలికాలానికి మూసి ఉంచిన గ్రాండ్ హోటల్ వరండాలలో, గోడలకు పరుపులు ఆనించి, బయట నిలిపిన రోలింగ్ స్టోన్స్ బృందం వారి రికార్డింగు బండికి తీగలు లాగి చేశారు. వాయించినది వినడానికి బండి దాకా వెళ్లాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుంటూ పోవాలి కాబట్టి, కొన్నాళ్లకు వినడమే మానేసి, నచ్చేదాకా వాయించుకుంటూ పోయారట. ఇంత ఇబ్బందిలో అంత శుభ్రంగా వచ్చిన ఆల్బము అరుదు.

ఒకే ఆల్బముకు ఇన్ని రూపాలేమిటని కూడా అడిగారు. 1997లో పాతికేళ్ల సందర్భంగా వచ్చిన కూర్పులో రెండు డిస్కులు ఉన్నాయి. ఒకదానిలో పాత మిశ్రమాన్నే, అంటే వాద్యాలూ గొంతూ అప్పట్లో కలిపిన రూపాన్నే, శుభ్రం చేశారు, రెండోదానిలో రోజర్ గ్లోవర్ వాద్యాలను మళ్లీ కొత్తగా కలిపాడు. 2024లో ఫ్రాంక్ జప్పా కుమారుడు డ్వీజిల్ జప్పా మరొకసారి కలిపాడు. తండ్రి కచేరీలో కాలిన కాసినో పాట కొడుకు చేతికి రావడం చిత్రమే. మీరు ముందు 1972 నాటి అసలు మిశ్రమాన్నే వినండి. ఫోనుతో పాటు వచ్చే సన్నని ఇయర్‌ఫోన్లు మాత్రం పక్కన పెట్టండి, వాటిలో గ్లోవర్ బాస్ పూర్తిగా మాయమవుతుంది.

ఇంకొక్క మాట. ఆ రిఫ్‌లో మీరు విన్న బరువు గిటారుది మాత్రమే కాదు. జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ను గిటారు వారు వాడే మార్షల్ యాంప్లిఫయర్ గుండా పంపి, అవే స్వరాలను కింద నుంచి మోస్తాడు. ఆర్గన్ వచ్చి కలిసే చోటు పట్టుకోండి.

ఆమదాలవలస ప్యాసింజరు (శ్రీకాకుళం) ఇచ్చిన సమాధానం

పెద్దలిద్దరూ 1972 దగ్గరే ఆగిపోయారు. నేను రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లి వస్తూ ఈ బృందాన్ని మొత్తం విన్నవాణ్ని కాబట్టి మిగతాది క్లుప్తంగా చెబుతాను. 1973లో గిలన్, గ్లోవర్ వెళ్లిపోయాక, బట్టల దుకాణంలో పనిచేస్తున్న డేవిడ్ కవర్డేల్‌ను గాయకుడిగా, గ్లెన్ హ్యూజ్‌ను బాస్ వాయించడానికీ పాడడానికీ తెచ్చుకున్నారు. 1974లో వచ్చిన 'బర్న్'లో ఆ ఇద్దరి గొంతులూ మారి మారి వినిపిస్తాయి. మీ సంకలనంలో మిమ్మల్ని తికమక పెట్టినది బహుశా ఇదే అయి ఉంటుంది. ఆల్బము పేరే ఉన్న మొదటి పాట నా దృష్టిలో 'మెషిన్ హెడ్'లోని 'హైవే స్టార్'కు ఏ మాత్రమూ తీసిపోదు. అదే ఏడాది వచ్చిన 'స్టార్మ్‌బ్రింగర్'లో ఫంక్ అనే అమెరికా నృత్య సంగీతపు వాసన ఎక్కువై బ్లాక్‌మోర్‌కు నచ్చలేదు. 1975లో ఆయన విడిపోయి రెయిన్‌బో బృందం పెట్టుకున్నాడు. ఆయన బదులు టామీ బోలిన్ వాయించిన 'కమ్ టేస్ట్ ద బ్యాండ్'ను చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, పేరు చూడకుండా వింటే మంచి ఆల్బము. 1976లో బృందం ఆగిపోయింది, ఆ డిసెంబరులోనే బోలిన్ పాతికేళ్ల వయసులో మరణించాడు. మార్క్ టూ వారు మళ్లీ కలిసి 1984లో చేసిన 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' వినదగ్గది. 1990లలో బ్లాక్‌మోర్ చివరిసారి వెళ్లిపోయాక గిటారిస్టు స్టీవ్ మోర్స్ చేరి 1996లో చేసిన 'పర్పెండిక్యులర్'తో వారికి కొత్త ప్రాణం వచ్చింది. మధ్యలో ఉన్నవి తీరిక ఉంటే వినవచ్చు, లేకపోయినా నష్టం లేదు.

ఉత్సాహం ఎక్కువై పాత ఎల్పీల జోలికి మాత్రం వెళ్లకండి. వారి 'ఇన్ రాక్' ఆల్బము అట్ట మీద కొండలో చెక్కిన అయిదు ముఖాలు చూసి, అమెరికాలోని మౌంట్ రష్‌మోర్ కొండ మీద చెక్కిన అధ్యక్షుల బదులు వీరిని నిలబెట్టిన ఆ చమత్కారానికి మురిసిపోయి, ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర మంచి ధర పెట్టి కొన్నాను. ఇంటికి తెచ్చి తీస్తే ఎండకు వంగిపోయిన రికార్డు అప్పడంలా ఉంది. అట్ట మాత్రం ఇప్పటికీ గోడ మీద ఉంది.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

కోటగుమ్మం గారి వాదంలో బలం ఉందని ఒప్పుకుంటాను, కానీ ఒక్క మినహాయింపుతో. 'మెషిన్ హెడ్'లోని 'లేజీ' మాత్రం కచేరీ రూపంలోనే ముందు వినాలి. ఆర్గన్‌తో లార్డ్ ఆడుకుంటూ ఆడుకుంటూ అసలు బాణీని ఎప్పుడు బయటపెడతాడా అని ఎదురుచూసే సుఖం, బాణీ ముందే తెలిసిన వారికి ఉండదు.

పనసవీణ (విజయనగరం)

అందరికీ కృతజ్ఞతలు. మొదటి రోజు 'మెషిన్ హెడ్' విన్నాను, మర్నాటి నుంచి మూడు మధ్యాహ్నాలు 'మేడ్ ఇన్ జపాన్' విన్నాను. 'లేజీ' విషయంలో నాగావళి ఒడ్డు గారి మాట పాటించలేకపోయాను, అప్పటికే ఆలస్యమైంది. 'చైల్డ్ ఇన్ టైమ్' దగ్గర లేవలేదు గానీ, తలుపు తట్టిన విద్యార్థిని గుమ్మంలోనే కాసేపు నిలబెట్టవలసి వచ్చింది. 'హైవే స్టార్'లో గిటారు, ఆర్గన్ విడివిడిగా చేసే విన్యాసాలు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని గుర్తుచేశాయని మేనల్లుడికి ఫోనులో చెబితే, అవి జర్మనీ స్వరకర్త బాఖ్ పద్ధతిని అనుసరించినవేనని బ్లాక్‌మోర్ స్వయంగా చెప్పాడని వాడు సంతోషించాడు.

అప్పుడే ఇంకొకటి కూడా చెప్పాడు. ఆ రిఫ్‌ను బ్లాక్‌మోర్ ఒక్క తీగ మీద కాక, పక్కపక్క తీగలు రెండింటిని వేళ్లతో కలిపి మీటుతాడట. ప్రతి స్వరం కిందా, షడ్జానికీ శుద్ధ మధ్యమానికీ ఉన్నంత అంతరంలో మరొక స్వరం పలుకుతుందట. ఇది వినగానే నా బొబ్బిలి వీణ ముందుకు లాక్కున్నాను. సారణి, అంటే ప్రధాన తీగ, షడ్జం; దాని పక్క తీగ మంద్ర పంచమం: వాటి మధ్య ఉన్నది సరిగ్గా అదే అంతరం. రెండు తీగలనూ కలిపి మీటుతూ, ఖాళీ తీగ, 3వ మెట్టు, 5వ మెట్టు. మళ్లీ ఖాళీ తీగ, 3, 6, 5. శ్రుతి మార్చకుండా, మెట్లను నిలిపే మైనం కదపకుండా, పాట ఉన్నదున్నట్టు పలికింది. మెట్లు పట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టలేదు. సాధారణ గాంధారం మీద ఎడమ చెయ్యి దానంతట అదే ఊగిపోతోంది, దాన్ని ఆపి గమకం లేకుండా నిలబెట్టడానికి మాత్రం ఇంకా సాధన చేస్తున్నాను. ఈ శనివారం 'బర్న్' మొదలుపెడతాను.